పళ్ల పడవ

మా పడవని ఇక్కడ పళ్ల పడవ అంటారు.
ఏడాదికొక్కసారి, గ్రీన్‌లాండ్ పడమటి ఒడ్డున
మంచు దారి విడిచాక
ఈ నలభై గడపల ఊరి ముందు లంగరు వేస్తాం.
డాక్టరు యెన్సిగ్‌కి డేనిష్ తప్ప రాదు.
నేను దుబాసీని.
నొప్పిని ఒక భాషలో విని
ఇంకో భాషలో చెప్పడం నా కొలువు.
నోరు తెరిచాక మాత్రం
నాతో ఎవరికీ పని ఉండదు.

ఈ ఏడు ముందుగా కుర్చీ ఎక్కింది ఆర్నాలుక్ అవ్వ.
తనకేం నొప్పి లేదు,
వెనకాల నిలబడ్డ మనవడికి భయం తీరాలని.
పళ్లు చిగుళ్ల దాకా అరిగిపోయి
అల నున్నబరిచిన రాళ్లలా ఉన్నాయి.
డాక్టరు అద్దం పెట్టి మూలమూలా వెతికాడు.
ఒక్క పుచ్చు లేదు.
ఏం తినేదో అడగమన్నాడు.

"తిన్నది సీల్ మాంసం, చేపా.
అరగదీసింది తిండి కాదు, తోలు" అంది అవ్వ.
తల్లీ, అత్తా, తనూ
సీల్ తోలు అంచు పంటి కింద పెట్టి
జానెడు జానెడు నమిలి మెత్తన చేస్తే
మగవాళ్ల కాళ్లకి బూట్లయ్యేవట.
"మా ఆయన మంచు మీద నడిచిందంతా
నా పళ్ల మీదే."
నవ్వింది కూడా.
ఆ నవ్వుని డేనిష్‌లో ఎలా పెట్టాలో తెలీక
"తోళ్లు నమిలేదట" అన్నాను.

తర్వాత ఉల్లోరియాక్. ఏడేళ్లు.
పై వరసలో రెండు, కింద రెండు,
సిగరెట్ కాల్చి ఆర్పినట్టు నల్లటి గుంటలు.
రోజుకి ఎన్ని కోలాలని అడిగితే
ఒకటేనన్నాడు వాడు. అబద్ధం కాదు.
ఆ ఒక్క సీసానే పొద్దుట మూత తీసి
బడికీ, బంతికీ, పడవ గట్టుకీ మోసుకెళ్లి
పడుకునే దాకా గుటకా గుటకా చప్పరిస్తాడు.

"ఎంత తాగాడని కాదు,
ఎన్నిసార్లు తాగాడని" అన్నాడు డాక్టరు.
"తిన్న ప్రతిసారీ నోట్లో పులుపు ఊరుతుంది.
అది విరగడానికి పంటికి కాస్త తీరిక కావాలి.
ఈ పిల్లాడి నోటికి ఒక్క పూట సెలవు లేదు.
తీపి తగ్గించమను."

చెప్పాను.
ఊళ్లో దుకాణం ఒకటే.
ఓడలో ఆపిల్ ముడతలు పడి దిగుతుంది,
కోలా మాత్రం ఎక్కినంత కులాసాగా దిగుతుంది.
"తగ్గించాల్సింది నోరా, ఓడా?
అడుగు మీ డాక్టర్ని" అంది అవ్వ.
అడగలేదు.
దుబాసీలు మింగేసే మాటలు కొన్నుంటాయి.
వాటికి పుచ్చు పట్టదు.

రెండు పళ్లు పీకారు.
పళ్ల కింద దూది కరిచి, కళ్లు తుడుచుకుని,
పీకిన వాటిని అగ్గిపెట్టెలో వేసుకుని
గలగలలాడిస్తూ దిగిపోయాడు.

మర్నాడు వాడి మేనమామ వేటనుంచి తిమింగలం తోలు తెచ్చాడు.
ఊరంతా ఆ ఇంట్లోనే.
కొవ్వుతో, బిరుసుగా, ఎంతసేపు నమిలితే అంత రుచి.
తన వాటా పుచ్చుకుని
ఓ దవడకి నెట్టాడు పిల్లాడు. ఇంకో దవడకి.
ఎవరూ చూడకుండా అరచేతిలోకి ఉమ్మేశాడు.

అవ్వ చూసింది.
అర్ధచంద్రం కత్తి తీసి
తోలుని గళ్లు గళ్లుగా, గోరంత ముక్కలు కోసింది.
ఒకటి వాడికి. ఒకటి తనకి.
ఆమెవి అరిగిన పళ్లు, వాడివి పుచ్చిన పళ్లు.
డెబ్భై ఏళ్ల పనికీ ఏడేళ్ల తీపికీ
ముక్క కొలత ఒక్కటే అయింది.

నా చేతికి కాఫీ ఇచ్చారు.
మా నాన్న నేర్పిన అలవాటు నాది:
చక్కెర బిళ్ల ముందు పళ్ల మధ్య పట్టి
దాని మీదుగా కాఫీ పీల్చడం.
డాక్టరు పక్కనే ఉన్నాడు.
సిగ్గేసి బిళ్లని కప్పులోకి జారవిడిచాను.
కరిగింది. తియ్యగానే ఉంది. బాగోలేదు.

ఎదురుగా ఉల్లోరియాక్
పన్ను లేని చోట నాలుకతో తడుముకుంటున్నాడు.
నా నాలుకా
బిళ్ల ఉండాల్సిన చోటికే పోతోంది.